పదహారు గళ్ళు

ఆ రోజుల్లో సికింద్రాబాద్‌లో ఎవర్ని కదిపినా కంప్యూటరే. మా ఇంటర్ కాలేజీలో ఎంపీసీ వాళ్ళకి గదులు చాలక రేకుల షెడ్డు వేశారు. నా బైపీసీ పిల్లలు మాత్రం సగం గదికే సరిపోయేవాళ్ళు. వాళ్ళకి బఠానీ మొక్కల పాఠం చెప్పేదాన్ని. గింజ గుండ్రమా ముడతా అన్నది ఒక లక్షణం, పసుపా ఆకుపచ్చా అన్నది ఇంకొకటి. దేని దారి దానిది. బోర్డు మీద పదహారు గళ్ళు గీసి తొమ్మిది, మూడు, మూడు, ఒకటి అని రాసేదాన్ని. ముడతా ఆకుపచ్చా రెండూ కలిసి పడేది ఆఖరి గడి ఒక్కదాంట్లోనే. "మేడం, గీ లాస్టు గడి సుత పరీక్షల అడుగుతరా?" అనేవాడొకడు. "అదే అడుగుతార్రా, నోర్మూసుకుని గియ్యి" అనేదాన్ని.

నా మొగుడు నాకు సొంత మేనమామ. విజయనగరం వైపు మాకది వింతేం కాదు. పెళ్ళయ్యాక కూడా "మావయ్యా" అనే పిలిచాను. ఆయనకి బేగంపేటలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పద్మారావు నగర్‌లో అద్దె ఇల్లు. మాకు పుట్టిన బాబుకి ఎంతకీ మాట రాకపోతే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. "మేనరికమా?" అన్నాడాయన. మాకు మేనరికం అంటే బావామరదళ్ళ పెళ్ళి. అందుకని మా అమ్మమ్మ, అంటే నా అత్తగారే, "మేనరికం ఏటి బాబూ, సొంత మావయ్యే కదా" అంది దర్జాగా. డాక్టరు పెన్ను కింద పెట్టి మా మొహాలు చూశాడు. పరీక్ష చేసి పుట్టుచెవుడన్నాడు.

అమ్మమ్మకో అన్న ఉండేవాడు. ఆయనకీ పుట్టుచెవుడే, పైగా రేచీకటి. దీపాలు పెట్టే వేళకి గోడ పట్టుకుని నడిచేవాడు. డాక్టరు మాట వినగానే నాకు ఆయనే గుర్తొచ్చాడు. అయినా పాఠం చెప్పేదాన్ని కదా! చెవుడు ఒకటి, చూపు ఒకటి అనుకుని గళ్ళు గీశాను. పదహారింట్లో చెవుడు పడ్డవి నాలుగు, వాటిలో మూడింట్లో చూపు నిలుస్తుంది. ఆ మూడు గళ్ళనే పట్టుకుని వేలాడాను. చూపుంటే చాలు, చేతులతో మాట్లాడుకుంటాం అన్నాను మావయ్యతో. అలాగే మాట్లాడుకున్నాం. అబ్బో, వాడి చేతులు ఎంత వాగుడుకాయలో!

వాడు రెండో తరగతికి వచ్చాక, సాయంత్రం పూట సందులో ఆగి ఉన్న స్కూటర్లకి గుద్దుకోవడం మొదలెట్టాడు. కుదురు లేదు వెధవకి అని విసుక్కున్నాను. చివరికి కళ్ళ డాక్టరమ్మ అన్నీ చూసి రేచీకటంది. రెండూ వేరువేరు కదండీ, రెండోది కూడా వీడికే రావాలని లేదు కదండీ అని నా లెక్కంతా ఆవిడకి చెప్పాను. ఆవిడ నెమ్మదిగా అంది. "రెండు కాదమ్మా, మీ ఇంట్లో ఉన్నది ఒకటే. ఒక్క జన్యువే రెండు పనులూ చేస్తుంది. ముందు చెవి, తర్వాత కన్ను."

ఒకటే! ఇంక పదహారు గళ్ళెక్కడివి, నా మూడు గళ్ళెక్కడివి! వాడు కడుపున పడ్డనాడే అంతా అయిపోయింది. మందు లేదా అన్నాడు మావయ్య. లేదంది. ఇంటికొచ్చాక అమ్మమ్మ, "మా అన్న బతకలేదేటే?" అంది. "గోడ పట్టుకుని బతికాడు" అన్నాను. ఒళ్ళు మండిపోతోంది, ఎవరి మీదో తెలీదు.

చీకటి పడుతుంటే వాణ్ణి వరండాలో ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. ఆకలేస్తోందా, పూరీ చెయ్యనా అని చేతులతో అడిగాను. వాడు నా వైపే చూస్తున్నాడు. మళ్ళీ అడిగాను. వాడు చెయ్యెత్తి, లైటు వెయ్యమ్మా అని సైగ చేశాడు.

లైటు వెలుగుతూనే ఉంది.