నల్ల అంచుకు నాలుగు మూలలు

మా మామగారు పోయిన నెలలో చనిపోయారు. అప్పుడు మిషన్ మీద పొంగల్ కార్డులు సగంలో ఉన్నాయి. కుండకు ఎరుపు పడింది, చెరకు ఆకులకు పచ్చ పడాలి. మధ్యాహ్నం అన్నం తిని గోడకు ఆనుకుని కూర్చున్న మనిషి మళ్ళీ లేవలేదు. ఎర్ర సిరా కిరసనాయిలుతో కడిగి, నల్ల సిరా వేసి, ఆయన చావు కార్డు నేనే అచ్చు వేశాను. ఆ ఇంట్లో వేసేవాళ్ళు ఇంకెవరూ లేరు.

పుదుచ్చేరి పెద్ద బజారు వెనక వీధిలో మా ఇల్లు. ఇంటి ముందు గదే ప్రెస్సు. కాలితో తొక్కే ట్రెడిల్ మిషన్ ఒకటి, సీసపు అక్షరాల టైపు అరలు కొన్ని. లెటర్ పేపర్లు, కవర్లు, పెళ్ళి కార్డులు వేసేవాళ్ళం. మామకు ఇష్టమైనవి గ్రీటింగు కార్డులు. చిలక, ఓడ, దీపం, కుండ బొమ్మల బ్లాకులు ఒక సొరుగులో పాత చీర ముక్కల్లో చుట్టి దాచుకునేవారు. కానీ ఊళ్ళో ఆయనకు పేరు వచ్చింది చావు కార్డులతో. ఇక్కడ ఎవరైనా పోతే నల్ల అంచు కార్డు వేసి బంధువుల ఇళ్ళకు పంచుతారు, వీధి మొదట్లో స్తంభానికి అంటిస్తారు. సాయంత్రం శవాన్ని తీస్తారంటే మధ్యాహ్నానికి కార్డు చేతికి రావాలి. అందుకే మామ ఊరు దాటేవారు కాదు. నేను కాపురానికి వచ్చాక ఆయన ఊరి చివరి తేంగాయితిట్టు దాటి పోవడం చూడలేదు. అక్కడికైనా ఎవరివో కార్డులు ఇచ్చి రావడానికే.

"ఎవరో ఒకరు వస్తారు మా. తలుపు మూసుంటే యాడికి పోతారు పాపం?" అనేవారు.

నాది పుత్తూరు దగ్గర పల్లె. ఎనిమిది దాకా తెలుగులో చదివాను. ఇక్కడ ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు, తెలుగు అక్షరం మాత్రం ఒక్కరికీ రాదు. ప్రెస్సులో ఉన్నది అరవ టైపు, ఇంగ్లీషు టైపు. ఆ గదిలో నేను చదవగలిగింది ఏదీ లేదు. మా ఆయన బట్టల మిల్లులో పని చేసేవారు, సిరా వాసన ఆయనకు పడదు. మామే నన్ను పక్కన నిలబెట్టుకుని నేర్పారు. "కన్ను కాగితం మీద, చెయ్యి అర మీద. నోరు ఊరికే ఉండాల." శనక్కాయల్లో రాళ్ళు ఏరినట్టు అక్షరాలు ఏరేదాన్ని. రెండేళ్ళకు బజారులో బోర్డులు చదువుకుంటూ ఒక్కదాన్నే తిరిగి వచ్చేదాన్ని. ఆ మేలు ఆయనదే.

నల్ల అంచు అంటే నాలుగు ఇత్తడి పట్టీలు. వాటిని బిస్కెట్ల డబ్బాలో పెట్టి పెరటి గోడ గూట్లో ఉంచేవారు, పని లేనప్పుడు లోపలికి రానిచ్చేవారు కాదు. పెళ్ళి కార్డుకు వచ్చినవాళ్ళు గడప బయటే నిలబడి, "ఈ పొద్దు చావుది ఏమన్నా ఏసినారా?" అని అడిగేవారు. "పొద్దున ఒకటి ఏసినా. రేపు రాండి" అనేవారు మామ. అబద్ధం చెప్పేవారు కాదు. పట్టీలు బిగించాక నాలుగు మూలలూ గోటితో గీకి చూసేవారు. ఏ మూలైనా కలవకపోతే ఆ సందులోంచి చావు ఇంకో ఇంటికి పోతుందని ఆయన నమ్మకం.

"అన్నీ మూసేస్తే మనం బయటికొచ్చేదెట్లా మామా?" అని ఒకసారి ఎగతాళి చేశాను.

"మనం యాడ వచ్చేది? మనమూ లోపలే కదా" అన్నారు. నవ్వలేదు.

తర్వాత కొన్నాళ్ళకు ఆయన ప్రతి అక్షరాన్నీ బొటనవేలితో తడమడం చూశాను. కళ్ళకు పొర వచ్చింది. డాక్టరు ఆపరేషన్ అన్నాడు, నెల రోజులు పడుకోవాలన్నాడు. "ఆ నెల్లో చచ్చేవాళ్ళు ఆగుతారా?" అని మామ తిరిగి వచ్చేశారు. మా ఆయనకు చెప్పొద్దన్నారు. నేను చెప్పలేదు. అప్పటినుంచి అక్షరాలు కూర్చడం నా పని, పక్కన నిలబడడం ఆయన పని.

ఆ రోజుల్లోనే మా చెల్లెలి పెళ్ళికి సంచి సర్దుకున్నాను. పదకొండు గంటలకు తిరుపతి బస్సు, మర్నాడు తెల్లవారి ముహూర్తం. నేను గడప దిగుతుంటే ఒర్లియంపేట నుంచి ఒకాయన వచ్చాడు. తండ్రి పోయాడట. మామ ఆయనకు నీళ్ళిచ్చి కూర్చోబెట్టి నా వైపు తిరిగారు.

"నువ్వు పో మా. నేనేసుకుంటా."

పోయాను. బస్సులో సీటు దొరికింది, కూర్చున్నాను. తర్వాత దిగి వచ్చేశాను. మామ అరల ముందే ఉన్నారు. చేతిలో అక్షరాలు పేర్చే స్టిక్కు ఉంది, దాంట్లో ఒక్క అక్షరం లేదు. వచ్చినాయన చేతులు కట్టుకుని కూర్చునే ఉన్నాడు.

"బస్సు పోయిందా?"

"పోయింది మామా."

పోలేదు. కండక్టరు ఇంకా టీ తాగుతున్నాడు. ఆ సంగతి మామకు తెలుసనే అనుకుంటాను. స్టిక్కు నా చేతికి ఇచ్చారు, అంతే. కార్డులు అయ్యేసరికి రెండు దాటింది. ఆ రోజు ఇంక బస్సు లేదు.

"నీకు బతికినోళ్ళ కంటే చచ్చినోళ్ళే ముద్దు గదక్కా" అంది చెల్లెలు, తర్వాత కనిపించినప్పుడు.

మామ ఆ రోజు గురించి ఎప్పుడూ మాట్లాడలేదు. నాకు కోపం ఉండింది, చాలాకాలం ఉండింది. కానీ ఆ ఏటి నుంచి పొంగల్ కార్డుల్లో మొదటిది పక్కకు తీసి, "మీ చెల్లికి పంపు" అనేవారు. దానికి అరవం రాదు మామా అంటే, "బొమ్మ చూస్తుంది లే" అనేవారు.

ఆయన చావు కార్డుకు ప్రూఫ్ తీశాను. పై మూల ఒకటి కలవలేదు, బియ్యపుగింజంత సందు. పట్టీ మీద ఒక్క దెబ్బ కొడితే సరిపోయేది. సుత్తి చేతిలోనే ఉంది. కొట్టలేదు. అన్ని కార్డులూ అట్లాగే వేశాను. మా ఆయన చూసి బాగుందన్నారు.

కర్మ అయిన మర్నాడు పట్టీల డబ్బా గూట్లో పెట్టి, ప్రెస్సుకు తాళం వేశాను. పచ్చ పడని పొంగల్ కార్డు ఒకటి సంచిలో పెట్టుకుని చెల్లెలి ఊరికి బయలుదేరాను. ఎప్పుడొస్తావని మా ఆయన అడిగితే తెలియదన్నాను. బస్సు ఒర్లియంపేట మలుపులో ఎద్దులబండి అడ్డం వచ్చి ఆగింది. కిటికీ పక్కనే స్తంభం, దాని మీద మామ కార్డు. ఎండకు బంక వదిలి కింది అంచు లేచింది. నల్ల గీతల మధ్య ఆయన పేరు, పై మూలలో తెల్లగా ఆ సందు. బండి పక్కకు తప్పుకుంది. బస్సు కదిలింది.