జూమ్‌కు అందని ముఖం

నాయన చివరి ఫోటో తీసింది నేనేనని ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

జనంలోకి పోవాలంటే నాకు సిగ్గు. అందుకే, లెన్స్ మార్చే పనిలేకుండా దూరాన్ని దగ్గరకు లాగే ఆ జూమ్ కెమెరా నాకు తెగ నచ్చింది. ఎండలో గోపురం మీది పావురం కన్ను కూడా స్పష్టంగా పడేది.

ఆ సాయంత్రం ఆళ్లగడ్డ బస్టాండులో నాయన నంద్యాల ఆసుపత్రికి బస్సెక్కుతున్నాడు. నేను ఎదురు మిద్దె మీది నుంచే జూమ్ చేశాను. మసక వెలుతురు కెమెరాకు చాలలేదు. ఫోటోలో ముఖం ఉండాల్సిన చోట రవ్వరవ్వగా మచ్చలు పడ్డాయి.

ఆయన మళ్లీ ఇంటికి రాలేదు. ఇప్పటికీ ఆ ఫోటోను పెద్దది చేసి వెతుకుతుంటాను. పెద్దది చేసేకొద్దీ ఆయన చెదిరిపోతాడు.

ఆ సాయంత్రం ఆయన పిలిచినా నేను దిగలేదు. బస్సు మెట్టు మీద నిలబడి ఆయన నవ్వుతూ అరిచాడు: "ఏంది పాపా, నేనేమన్నా కోతినా, ఆడ్నుంచి తీస్తాండావ్? కిందికి దిగి రా."