అనురాధ గారి సంతకాల కాగితం

అమెరికాలోని ఎడారి ఊరు చాండ్లర్‌లో అనురాధ గారిని ఎరగనివాళ్ళు ఇద్దరే ఉంటారు. ఇవాళ పొద్దున్న విమానం దిగినవాడొకడు, ఆవిణ్ణి చూసి బియ్యం బస్తాల వెనక దాక్కున్నవాడొకడు. ఇండియన్ గ్రోసరీ ముందు ఆవిడ సంతకాల కాగితం బిగించిన అట్ట పట్టుకుని నిలబడితే బెండకాయలకొచ్చినవాళ్ళు బెండకాయలు మర్చిపోయి సంతకం పెట్టి ఇంటికెళ్తారు. ఎడారిలో సువారో కాక్టస్‌లు చేతులు పైకెత్తి నిలబడి ఉంటాయే, అవి పుట్టుకతో అలా లేవట. అనురాధ గారు వస్తుంటే "మేం పెట్టేశామండీ" అని చేతులెత్తేశాయట. ఈ మాట విశ్వనాథం గారిది. ఆయన ఆవిడ భర్త, కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీలో ఇంజనీరు, కాబట్టి సగం తగ్గించి నమ్మాలి. సగం తగ్గించినా కాక్టస్‌కి ఒక చెయ్యి మిగులుతుంది.

పిల్లలిద్దరూ కాలేజీలకెళ్ళిపోయాక ఆవిడ పక్కనున్న ఎలిమెంటరీ స్కూల్లో పనికి కుదిరారు. మధ్యాహ్నం భోజనాల గదిలో పిల్లల్ని కనిపెట్టుకుని ఉండటం, పాల డబ్బాలు విప్పి ఇవ్వటం, ఏడ్చినవాడి ముక్కు తుడవటం. ఒకరోజు లైబ్రరీ తలుపుకి తాళం కనిపించింది. బడ్జెట్ లేదు, ఇక వారానికి రెండు రోజులే తీస్తామన్నారు. పాలకొల్లులో చదువుకున్న రోజుల్లో ఆవిడకి లైబ్రరీ అంటే హెడ్మాస్టరు గారి గదిలో అద్దాల బీరువా; దాని తాళంచెవి ఎక్కడుందో ఆయనకే తెలియదు. అమెరికా వచ్చి కూడా బీరువాకి తాళమేనా అని ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆ కోపానికి జత దొరికింది లక్ష్మి. రెండు వీధుల అవతల ఉంటుంది, కరీంనగర్ మనిషి, గొంతు విప్పితే మైకు అక్కర్లేదు. ఇంటి పన్ను కాస్త పెంచి బడులకివ్వాలా వద్దా అని ఓటింగు వచ్చినప్పుడు ఇద్దరూ కలిసి తొక్కని గడప లేదు. చివరికి నెగ్గారు. ఎన్ని ఓట్లతో అంటే, వాళ్ళిద్దరూ ఇంట్లో కూర్చుని ఉంటే ఓడిపోయేటన్ని ఓట్లతో.

పోయిన ఏడు, సరిగ్గా ఉగాది రోజున, నూట అరవై ఏళ్ళ నాటి గర్భస్రావ నిషేధ చట్టం మళ్ళీ చెల్లుతుందని రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. గర్భం విషయంలో నిర్ణయం ఆడవాళ్ళదేనని రాష్ట్ర రాజ్యాంగంలో రాయించే ప్రతిపాదనని ఓటింగుకి పెట్టించాలని అప్పటికే ఊరూరా సంతకాలు సేకరిస్తున్నారు. అనురాధ గారు అందులోనూ దిగారు. సోమవారానికి యాభై కాగితాలు నిండుగా తెస్తానని నలుగురి ముందూ గొప్పగా అనేశారు. కాగితానికి పదిహేను గళ్ళు. నలభై తొమ్మిది నిండాయి.

యాభయ్యోది, పార్కు దొరక్క నెల ఆలస్యంగా పెట్టుకున్న ఉగాది పిక్నిక్‌కి పట్టుకెళ్ళారు. శనివారం పార్కులో రేకుల పందిరి కింద రెండొందల మంది. ఆవిడ చేతిలో పులిహోర గరిటె. అప్పుడొచ్చారు శ్యామ్‌సుందర్ గారు, తెలుగు సంఘం ప్రెసిడెంటు, లక్ష్మి భర్త.

"ఇటియ్యి అక్కా, పది నిమిషాల్ల నింపుకొస్త."

"అందరూ సిటిజన్లే ఉండాలండీ. ఎవరిది వాళ్ళే పెట్టాలి."

"నాకు చెప్తవా? పదేండ్ల నుంచి సంఘం నడిపిస్తున్న."

అన్నట్టే పది నిమిషాల్లో నిండు కాగితం తెచ్చి చేతిలో పెట్టారు. అనురాధ గారు ఆయనకి ఇంకో గరిటెడు పులిహోర వేశారు.

మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ విశ్వనాథం గారు కాగితం చూసి నవ్వటం మొదలుపెట్టారు.

"ఏవిటా నవ్వు?"

"చాండ్లర్‌లో మొగుడూ పెళ్ళాల చేతిరాత ఇంతలా కలిసిపోయిందని తెలియదు నాకు. మనదే కలవలేదు."

అప్పుడు చూశారావిడ. గళ్ళన్నీ జంటలు. రాజీవ్, కింద రష్మి. శ్యామ్‌సుందర్, కింద లక్ష్మి. పేరు మారింది గాని చెయ్యి మారలేదు. మన సంఘాల్లో ఏ కాగితమైనా అంతే కదా, ఇంటాయన 'ఫ్యామిలీ' అని రాసేస్తే భోజనాల లెక్కకి అందరూ వచ్చేసినట్టే. ఆ అలవాటే ఇక్కడా నడిచింది. ఏడు జంటలు, ఏడుగురు మొగాళ్ళ రాత. పదిహేనో గడిలో, ఇంకా సిటిజన్ కాని, వీసా మీదున్న కుర్రాడు చైతన్య. సంఘం ప్రెసిడెంటు అడిగితే కాదనలేక పెట్టినట్టున్నాడు.

కాగితం వెనక ఇంకో సంతకం ఉండాలి, అనురాధ గారిది. వీళ్ళందరూ నా కళ్ళ ముందే పెట్టారని నోటరీ ఎదుట ప్రమాణం చేసి పెట్టాలి. అది అబద్ధమని బయటపడితే ఆవిడ తెచ్చిన మిగతా నలభై తొమ్మిదినీ ఎవరూ నమ్మరు.

"ఆ ఒక్కటీ చింపెయ్. నలభై తొమ్మిది చాలవా?" అన్నారు విశ్వనాథం గారు.

"కాగితం చింపుతాను. ఆడవాళ్ళ మాట ఆడవాళ్ళదేనని రాసిన దాని మీద మొగుళ్ళు సంతకం పెట్టేశారండీ! ఆ జరిగిందాన్ని ఎలా చింపను?"

చైతన్యకి ఫోన్ చేసి నాలుగు అక్షింతలు వేశారు. కొత్త కాగితం తీసుకుని ఎండలో బయల్దేరారు. ఆ ఎండకి వీధిలో బల్లులు కూడా వేళ్ళ మీద నడుస్తున్నాయి.

మొదటి ఇల్లు రష్మిది. "మా ఆయన పెట్టేశారు కదా ఆంటీ?"

"మీ ఆయన మీ ఆయనది పెట్టుకోవాలి. నీది నీ ఇష్టం."

రష్మి గుమ్మంలోనే కూర్చుని మొత్తం చదివింది. ఎన్ని నెలల దాకా అని అడిగింది, ప్రాణం మీదకొస్తే ఎవరు నిర్ణయిస్తారని అడిగింది. పావుగంటకి సంతకం పెట్టి, వెనక నిలబడ్డ రాజీవ్ చేతికి అట్ట ఇచ్చింది. "చదివి పెట్టు. నిన్న చదవలేదు కదా?" రాజీవ్ కళ్ళజోడు కోసం లోపలికెళ్ళాడు.

అలా ఇల్లిల్లూ తిరిగారు. ఒకావిడ ఊళ్ళో లేదు. ఒకాయన, భార్య అడిగిన ప్రశ్నలకి జవాబు చెప్పలేక, తన సంతకం మానుకున్నాడు; ఆవిడ మాత్రం పెట్టింది. చివరికి లక్ష్మి ఇల్లు మిగిలింది. కావాలనే చివరికుంచారు, అక్కడ పని క్షణంలో అయిపోతుందని ధీమా.

లక్ష్మి కాగితం చూసి పక్కన పెట్టింది.

"ఇది నేను పెట్టనక్కా."

"అదేంటే? నిన్న నీ పేరు..."

"నన్ను అడిగిండ్రా ఎవరన్న? పదకొండేండ్లు పిల్లల కోసం నేను తిరగని డాక్టర్ లేడు. నా మనసు ఒప్పది." భర్త వైపు తిరిగింది. "నా పేరు మీద సంతకం పెట్టుడు ఎవరు నేర్పిండ్రు నీకు?"

శ్యామ్‌సుందర్ గారు టీవీ రిమోట్ వెతకటం మొదలుపెట్టారు. అది ఆయన చేతిలోనే ఉంది.

అనురాధ గారు ఎదురు కుర్చీలో కూర్చున్నారు. ఊళ్ళో ఎవరికీ చెప్పని సంగతి అప్పుడు చెప్పారు. ఇరవై రెండేళ్ళ కిందట, ఐదో నెలలో, లోపలి బిడ్డ బతకదని తేలింది. అత్తగారు ఫోన్‌లో ఒకటి చెప్పారు, ఆడపడుచు ఒకటి చెప్పింది. డాక్టరమ్మ మాత్రం అందర్నీ బయటికి పంపి, మంచం అంచున కూర్చుని, "మీరేమంటారు?" అని అడిగింది. "నన్ను నా గురించి అడిగిన మొదటి మనిషి ఆవిడే, లక్ష్మీ. ఆ ప్రశ్న అడిగేవాళ్ళు ఉండాలనే నేనీ ఎండలో తిరుగుతోంది."

లక్ష్మి లేచి వచ్చి ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. ఇద్దరూ కాసేపు ఏడ్చారు. కళ్ళు తుడుచుకుని లక్ష్మి అంది: "నీకు గింత కష్టమైందని తెల్వక నా పాణం కొట్టుకుంటున్నదక్కా. కాని సంతకం పెట్ట."

అనురాధ గారికి ఇంకా చెప్పాలని ఉంది. నోటిదాకా వచ్చింది. మింగేశారు. లక్ష్మిని ఒప్పించి ఆ గడి నింపితే, నిన్న శ్యామ్‌సుందర్ గారు చేసిన పనికీ తను చేసిన పనికీ తేడా ఎంత? అట్ట సంచిలో పెట్టుకున్నారు.

"మంచిదే. అడగాల్సింది అడిగాను. కాఫీ పెట్టు."

"నాది నేను పెడ్తనక్కా," అన్నారు శ్యామ్‌సుందర్ గారు, నెమ్మదిగా, ముందు భార్య మొహం చూసి.

"పెట్టు, నీది నువ్వు పెట్టుకో. నేనేమన్న అడ్డమా?" అంది లక్ష్మి వంటింట్లోంచి.

సోమవారం సాయంత్రం పార్సిల్ షాపులోనే ఓ మూల కూర్చునే నోటరీ ఎదుట అనురాధ గారు యాభై కాగితాలూ పేర్చారు. చివరిదాంట్లో పదకొండు పేర్లు, నాలుగు ఖాళీలు. కుడిచెయ్యి ఎత్తమన్నాడు నోటరీ. వీళ్ళందరూ మీ ఎదుటే పెట్టారా అన్నాడు. "నా ఎదుటే," అన్నారు. ఎంత గట్టిగా అన్నారంటే, బయట కారులో ఉన్న లక్ష్మికి వినపడిందట.

లక్ష్మి హారన్ కొట్టింది. ఆరింటికి స్కూల్ బోర్డు మీటింగ్. లైబ్రరీ గంటల గురించి ఇద్దరూ మాట్లాడటానికి పేర్లిచ్చారు, ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. దారి పొడుగునా ఎవరు ముందు మాట్లాడాలో తేలక పోట్లాడుకుంటూనే వెళ్ళారు.