పరగడుపున పేటకు

నేను చివ్వెంల దగ్గరి అత్తగారి ఊరికి కాపురానికి వచ్చిన కొత్తలో, గుండె డాక్టర్లు కొందరు మా ఊరికి వచ్చారు. ముసలివాళ్లంతా ముందుకొచ్చి కూర్చుంటే, "మాకు పడుచువాళ్లు కావాలి" అన్నారు. గుండెజబ్బు పెద్దవయసులో బయటపడినా దానికి పునాది పడుచుతనంలోనే పడుతుందనీ, అది ఎలా పడుతుందో తెలుసుకోవడానికి ఆ మనుషులనే కొన్నేళ్లకోసారి పిలిచి చూస్తామనీ చెప్పారు.

మా అత్తమ్మకు ఇది నచ్చలేదు. "రాళ్లు తిన్నా అరిగే ఈడు. గిప్పుడు గుండె సూసుడేంది?" అంది. నేనూ మా యారాలూ మాత్రం పేర్లిచ్చాం. యారాలంటే మా బావ భార్య, నా తోటికోడలు. ఆమెది కోదాడ. "వెళ్దాం చెల్లీ, పరీక్షలయ్యాక బజారు చూసొద్దాం" అన్న ఆమె మాట విని ఒప్పుకున్నాను తప్ప, పరిశోధన అంటే ఏమిటో నాకేం తెలుసు.

పరీక్ష పరగడుపున. పొద్దున టీ కూడా తాగకూడదు. మొదటి బస్సెక్కి సూర్యాపేటలో దిగేసరికి ఇద్దరికీ కళ్లు తిరిగేవి. దవాఖానలో రక్తం తీసి, బరువు చూసి, నడుముకు టేపు చుట్టి కొలిచేవారు. నేను ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కుంటే నర్సమ్మ, "వదులమ్మా, మాకు నిజం కొలత కావాలి" అనేది. ఆ తర్వాత ప్రశ్నలు. ఏ నూనె వాడతారు, పచ్చడి రోజూ తింటారా, ఎంత దూరం నడుస్తారు. ఉప్పు ఎక్కువ తింటారా అని అడిగితే మా యారాలు నన్ను చూపించి, "వంట ఈవిడదండీ, నన్నడిగితే ఏం లాభం" అనేది.

అన్నీ అయ్యాక ఉప్మా పెట్టేవారు. అంత కమ్మటి ఉప్మా నేను మళ్లీ తినలేదు. ఆకలి వల్లనేమో. అక్కడినుంచి గాజుల కొట్లన్నీ తిరిగి మధ్యాహ్నం బస్సుకు ఇల్లు చేరేవాళ్లం. "ఇంత పొద్దాయెనేంది?" అని అత్తమ్మ అడిగితే, "లైను బాగ ఉండె అత్తమ్మా" అనేదాన్ని.

కొన్నేళ్లకు అన్నదమ్ములు వేరుపడ్డారు. మెట్టచేను, మా చెలక, పంచుకునే దగ్గర మాటా మాటా పెరిగింది. బావ పెళ్లాం పిల్లలతో మిర్యాలగూడ వెళ్లిపోయి రైసుమిల్లులో పనికి కుదిరాడు. రాకపోకలు ఆగిపోయాయి. అలాంటప్పుడు దవాఖాన నుంచి మళ్లీ పిలుపు వచ్చింది. అక్కడ నాకు ఎవరు కలుస్తారో మా ఆయనకు తెలుసు. అయినా తానే బండి మీద తీసుకెళ్లి బస్సు ఎక్కించాడు. పేట బస్టాండులో దిగితే, మా యారాలు అప్పటికే వచ్చి నిలబడి ఉంది.

"వస్తావో రావోనని భయపడ్డాను చెల్లీ" అంది.

అప్పటినుంచి కొన్నేళ్లకోసారి వచ్చే ఆ పూట కోసం ఇద్దరం ఎదురుచూసేవాళ్లం.

అట్లా వెళ్లిన ఒకసారి, ఒడ్డూ పొడుగూ ఉన్న నాకు అన్నీ బాగానే ఉన్నాయి. కట్టెపుల్లలా ఉండే మా యారాలికి బీపీ ఎక్కువ చూపించింది. కాసేపు కూర్చోబెట్టి మళ్లీ చూశారు. అదే. "బాధేమీ తెలియకపోయినా మందులు మానొద్దు. ఇప్పుడే బయటపడడం మంచిదైంది" అని డాక్టరమ్మ చీటీ రాసిచ్చింది. ఆ రోజు ఆమె ఉప్మా ముట్టలేదు.

"ఇంట్లో చెప్పను. మిల్లు పనితోనే ఆయనకి ఊపిరాడట్లేదు."

"మరి గోలీలన్నా ఏసుకుంటవా అక్కా?"

ఆమె చీటీని మడిచి సంచిలో అడుక్కి తోసింది.

ఇంటికొచ్చి, అన్నం పెడుతూ మా ఆయనకు చెప్పాను. ఆయన తినడం ఆపాడు. చెయ్యి కడుక్కుని ఫోను తీశాడు. ఏళ్ల తర్వాత అన్నతో మాట్లాడిన మొదటి మాటలు అవే.

"అన్నా, నేనే. వదినకు బీపీ ఉన్నదంట. గోలీలు మానకుండ సూడు."

కొద్ది రోజులకు మా యారాలు ఫోను చేసింది. "చెప్పేశావుగా" అంది. కోపమొచ్చిందనుకున్నాను. "మాత్రా నీళ్లూ చేతికిచ్చి, మింగేదాకా ఎదురుగా నిలబడుతున్నాడు మీ బావ" అని నవ్వింది.

ఈమధ్య మళ్లీ పిలిచారు. ఇద్దరికీ జుట్టు నెరిసింది. మా పిల్లల ఈడువాళ్లు మాకు పరీక్షలు చేశారు. ఆమె బీపీ అదుపులోనే ఉంది. ఈసారి రక్తంలో కొవ్వు పెరిగింది నాకే. పరీక్షలయ్యాక ఆమెను మా ఇంటికి తీసుకొచ్చాను. సాయంత్రం బావ ఆమెను తీసుకుపోవడానికి వచ్చాడు. మా ఆయన కుర్చీ వేశాడు. మేము వంటింట్లో నిలబడి చెవులు రిక్కించాం.

"మా దిక్కు సాగర్ నీళ్లు ఇడిసిండ్రు. మీకు?" అన్నాడు బావ.

"గీడ బోర్ల మీదనే ఎల్లదీస్తున్నం."

"చెలక ఎట్లున్నదిరా?"

"మంచిగనే ఉన్నది. పత్తి పెట్టిన. రేపు పొద్దుగాల పోయి సూద్దాం, ఉండరాదే."

బావ ఉంటానని అనలేదు, పోతాననీ అనలేదు. నేను ఇంకొన్ని బియ్యం కడిగాను.