ఇద్దరికీ తెలియాల్సిన మాట

గ్రీసులో కవాలా అనే రేవు ఊరి బస్ స్టేషనులో టికెట్లిచ్చే కిటికీ వెనక కూర్చునే ఎవాన్థియా యాభై ఏళ్లు దాటాక ఇంగ్లీషు నేర్చుకోవడానికి నా దగ్గరికి వచ్చింది. వేసవిలో థాసోస్ దీవికి వెళ్లే జర్మన్లూ, స్వీడన్ వాళ్లూ ఏదో అడుగుతుంటే తను చేతులు తిప్పి చూపించాల్సి వస్తోందనీ, కొత్త మేనేజరు ముఖం చిట్లిస్తున్నాడనీ చెప్పింది. మందుల షాపు పైన మేడ మీద నేను సాయంత్రం క్లాసులు చెప్పేదాన్ని. పిల్లలు వెళ్లిపోయాక పెద్దవాళ్లు వచ్చేవారు. ఎవాన్థియా ఎప్పుడూ కిటికీ పక్కనే కూర్చునేది, కోటు విప్పేది కాదు.

ఆమెకు పెళ్లి కాలేదు. కానీ ఆదివారం మధ్యాహ్నం రేవు గట్టు మీద కాఫీ కొట్లో పడవల ఇంజన్లు బాగుచేసే పాండెలిస్‌తో ఆమె కూర్చోవడం ఊరంతా ఎరిగినదే. అతనికి చక్కెర లేని కాఫీ, ఆమెకు ఒక చెంచా చక్కెరతో. అతని తల్లి మంచం పట్టి చాలా కాలమైంది. చీకటి పడేలోగా అతను లేచి వెళ్లిపోయేవాడు. ఆమె ఎప్పుడూ ఆపేది కాదు.

ఒక చలికాలపు సాయంత్రం క్లాసులో ‘టాసిట్’ అనే మాట వచ్చింది. పైకి అనకపోయినా అర్థమై ఉన్నది అని చెప్పి, అందర్నీ ఒక్కో వాక్యం చెప్పమన్నాను.

టాక్సీ నడిపే స్టాథిస్ ముందు లేచాడు. "మా మామగారు చాలా టాసిట్ మనిషి. పండక్కి వెళ్తే నోట్లోంచి ముత్యం రాలదు."

"మనిషిని అలా అనకూడదు స్టాథిస్," అన్నాను. "నోరు మెదపనివాడికి వేరే మాట ఉంది. దీన్ని ఒప్పందానికో, అంగీకారానికో ముందు పెట్టాలి."

"అయితే సరే. మా ఆవిడకూ నాకూ టాసిట్ ఒప్పందం ఉంది. ఆవిడ అరుస్తుంది, నేను పడతాను."

"అరిచాక ఇంక టాసిట్ ఎక్కడిదయ్యా!" అంది వెనక నుంచి దర్జీ రోడోథియా. అందరూ నవ్వారు.

ఎవాన్థియా వంతు వచ్చింది. ఒక్కో మాటా కూడబలుక్కుని ఇంగ్లీషులో చెప్పింది: పాండెలిస్‌కూ తనకూ టాసిట్ ఒప్పందం ఉంది, వాళ్లమ్మ పోయాక పెళ్లి చేసుకుంటారు.

ఎవరూ నవ్వలేదు. రోడోథియా మాత్రం, "అబ్బో, మాకు చెప్పనే లేదే! ఇంతకీ ఆ సంగతి అతనికి తెలుసా తల్లీ?" అంది.

"ఎందుకు తెలీదూ? ఇన్నేళ్లుగా కూర్చుంటున్నాంగా," అంది ఎవాన్థియా. ఆమె ముఖం మెడ దాకా ఎర్రబడింది.

క్లాసయ్యాక అందరూ దిగిపోయినా ఆమె మెట్ల దగ్గర ఆగింది.

"టీచర్, నా వాక్యం కరెక్టేనా?"

"వ్యాకరణం తప్పు లేదండీ."

"అది కాదు. ఒకవేళ... అతను అలా అనుకోలేదనుకోండి. అప్పుడు?"

ఆమె అడిగింది మాట గురించే అనుకున్నాను. "అప్పుడు ఆ మాట కుదరదు. ఇద్దరికీ తెలిసి ఉండాలి. ఒక్కరికే అయితే అది ఆశ అవుతుంది," అన్నాను. ఆమె తలూపి, మఫ్లరు చుట్టుకుని వెళ్లిపోయింది.

ఆ ఆదివారం ఆమె అడిగేసింది. ఏం జరిగిందో తర్వాత నాకు తనే చెప్పింది.

"పాండెలీ, మీ అమ్మ తర్వాత మన సంగతేమిటి?"

"మన సంగతా? ఇలాగే. ఏం, ఇది బాలేదా?"

"పెళ్లి మాట నీకెప్పుడూ తట్టలేదా?"

అతను నిజంగానే ఆశ్చర్యపోయాడట. "నీకు పెళ్లి గొడవ లేదనేగా నేను ఇంత నిశ్చింతగా ఉన్నది! ఆ మాట ఎత్తకూడదని మనిద్దరికీ ఒప్పందమే అనుకున్నాను ఎవాన్థియా. మిగతా ఆడవాళ్లలా నువ్వు వేధించలేదు. అందుకే నీతో కూర్చుంటే నాకు హాయి."

"మంచిది," అని ఆమె కాఫీ పూర్తి చేసింది. ఎక్కువ మాట్లాడితే ఏడుపొచ్చేస్తుందని వాతావరణం గురించి ఏదో అని లేచిందట. ఇల్లు చేరేదాకా గాలికి ఎదురుగా నడిచింది, కళ్లలో నీళ్లకు అదో సాకు.

తర్వాతి ఆదివారాలు ఆమె రేవు వైపు వెళ్లలేదు. పాండెలిస్ ఒక్కడే ఆ బల్ల దగ్గర కూర్చునేవాడనీ, ఎదుటి కుర్చీ ఎవరైనా అడిగితే ఇచ్చేవాడు కాదనీ స్టాథిస్ చెప్పాడు.

ఈస్టరు ఉపవాసాల్లో పాండెలిస్ తల్లి పోయింది. ఎవాన్థియా వెళ్లింది. ఇరుగుపొరుగు ఆడవాళ్లతో కలిసి శవానికి స్నానం చేయించింది, వచ్చినవాళ్లకు కాఫీ, బ్రాందీ అందించింది. నలభయ్యో రోజు ప్రార్థనకు గోధుమలు ఉడికించి దానిమ్మ గింజలు కలిపింది. ఆ సాయంత్రం అందరూ వెళ్లాక పాండెలిస్ వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇల్లు బావిలా ఉంది. నువ్వన్నట్టే చేసేద్దాం."

"ఏమిటి చేసేద్దాం?"

"అదే... పెళ్లి."

ఆమె గిన్నె కడగడం ఆపలేదు. "ఇల్లు ఖాళీ అయింది కాబట్టి నేను కావాలి. నిండుగా ఉన్నప్పుడు నేను గుర్తు రాలేదు. వద్దులే పాండెలీ."

"కోపమా?"

"కోపమైతే బాగుండేది, కొన్నాళ్లకు పోయేది."

వేసవి చివర అతను పడవల పని మానేసి, కొమొటినిలో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్లిపోవాలనుకున్నాడు. టికెట్టు కోసం ఆమె కిటికీకే వచ్చాడు.

"కొమొటినికి."

"రానూపోనూనా? పోవడానికేనా?"

అతను చాలాసేపు చూశాడట, ఆమె ఇంకేమైనా అంటుందని. "ఏం కావాలో నోటితో చెప్పు," అంది ఆమె. వరుసలో వెనకవాళ్లు విసుక్కుంటున్నారు.

"పోవడానికే," అన్నాడు.

టికెట్టు చింపి ఇచ్చింది. బస్సు కదిలాక కిటికీకి తెర లాగి, వెనక గదిలోకి వెళ్లి గోడకు ఆనుకుని ఏడ్చింది. మేనేజరు వచ్చి చూసి, తనే ఆమె కుర్చీలో కూర్చున్నాడు.

ఎవాన్థియా ఇంగ్లీషు పరీక్ష పాసైంది. ఇంకొన్నేళ్లు పనిచేసి రిటైరైంది. నిరుడు శీతాకాలం పాండెలిస్ చనిపోయాడని కబురు తెలిసి, నల్ల కోటు వేసుకుని కొమొటిని వెళ్లింది. చర్చిలో వెనక నిలబడింది. అంత్యక్రియల తర్వాత కాఫీ ఇస్తున్న చోట అతని చెల్లెలు దగ్గరికి వచ్చి, "మీరెవరమ్మా?" అంది.

"కవాలా నుంచి. మీ అన్నయ్యతో పరిచయం."

"అలాగా. మీ గురించి ఎప్పుడూ చెప్పలేదే," అంది ఆమె, మర్యాదగానే, ఇంకో బిస్కెట్టు చేతిలో పెడుతూ.

"ఆయన చెప్పే మనిషి కాదులెండి," అంది ఎవాన్థియా.

మధ్యాహ్నం బస్సుకే తిరిగి వచ్చేసింది. దిగి నేరుగా మా ఇంటికి వచ్చింది, చలికి చేతులు కొయ్యబారిపోయి ఉన్నాయి. స్టవ్వు పక్కన కుర్చీ వేశాను. ఇదంతా చెప్పి, "చక్కెర వద్దు," అంది నేను కాఫీ కలుపుతుంటే. తీసిన చెంచాడు చక్కెర మళ్లీ డబ్బాలో పోసి, పాండెలిస్ తాగే కాఫీయే ఆమెకు ఇచ్చాను.