నేను చెప్పిన పోటు వేళ

మా అమ్మమ్మకి గడియారం చూడడం రాదు. అయినా సముద్రం ఎప్పుడు ముందుకొస్తుందో, ఎప్పుడు వెనక్కి పోతుందో తడుముకోకుండా చెప్పేది. పున్నమికీ అమావాస్యకీ పొద్దు బారెడెక్కి, చద్దన్నం తిని చేతులు కడుక్కునే వేళకి పోటు నిండుతుంది. అక్కణ్ణించి రోజుకి రెండు ఘడియలు ఆలస్యం కలుపుకుంటూ పోవడమే. గోదావరి సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో మా పేట. అక్కడ పుట్టిన ఆడపిల్లకి ఈ లెక్క ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు, నడకలాగా అదే వస్తుంది. నాకూ వచ్చింది. వచ్చినందుకు గర్వం కూడా ఉండేది. ఆ గర్వంతోనే కువైట్‌లో ఒక మనిషిని సముద్రం ఒడ్డుకి పంపించి సైనికుల చేతిలో పెట్టాను. ఇన్నేళ్లయినా ఆ మాట తల్చుకుంటే అన్నం సయించదు.

నేను పని చేసిన ఇల్లు మహబూలాలో, సముద్రానికి రెండు వీధుల ఇవతల. అప్పటికి అక్కడ ఇన్ని మేడలూ ఇంతమంది మనవాళ్లూ లేరు. మూడేళ్లపాటు అంత దగ్గర్లో ఉండి కూడా ఒక్కసారి కాలు తడపలేదంటే ఎవరూ నమ్మరు. ఇంటి పనిమనిషికి సముద్రం దగ్గర పనేముంటుంది? మేడ మీద బట్టలు ఆరేసేటప్పుడు ఎదురింటి నీళ్ల ట్యాంకుల సందులోంచి ఒక నీలం పట్టీ కనబడేది. నీళ్లు ముందుకొచ్చాయో వెనక్కెళ్లాయో అక్కణ్ణించి తెలిసేది కాదు. తెలుసుకోవాలని నాకూ అనిపించలేదు. కార్లో వెళ్తూ కిటికీలోంచి చూసి, అలల్లేని సముద్రం కూడా ఒక సముద్రమేనా అని మూతి విరిచేదాన్ని.

తొంభయ్యో సంవత్సరం ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చిపడేనాటికి మా ఇంటి మామా, అంటే యజమానురాలు, ఆవిడ భర్త, పిల్లలు సెలవలకి వేరే దేశంలో ఉన్నారు. ఫోన్లు తెగిపోయాయి. ఇంట్లో మిగిలింది ముగ్గురం. మామా అత్తగారు ఒకావిడ, ఎనభై దాటిన మనిషి. ఇంటిల్లిపాదీ ఆవిణ్ణి మామా ఓదా అనేవాళ్లు, పెద్దమ్మగారు అన్నట్టు. రెండోది నేను. మూడో మనిషి డ్రైవరు, రాయచోటి వైపు వాడు. నాకంటే పదేళ్లు పెద్ద. నేను అన్నయ్యా అనేదాన్ని, ఆయన నన్ను పాపా అనేవాడు. మొదటి వారంలోనే సైనికులు కారు తీసుకుపోవడంతో డ్రైవరుకి నడిపే పని పోయింది. కోఆపరేటివ్ దుకాణం ముందు వరసలో నిలబడి బియ్యం, రొట్టె తేవడం ఆయన పని అయింది.

మనవాళ్లు చాలామంది బస్సులెక్కి బస్రా మీదుగా వెళ్లిపోతున్నారు. మమ్మల్నీ రమ్మని కబురు పెట్టారు. ముసలమ్మని వదిలేసి ఎలా వెళ్తాం? ఆవిడ చెల్లెలి కొడుకు జహ్రాలో ఉన్నాడు, వచ్చి తీసుకెళ్తానని ఎవరితోనో చెప్పి పంపాడు. అతను వచ్చేదాకా ఆగుదాం అనుకున్నాం. అతను రాలేదు. ఈలోగా ముసలమ్మ తిండి మానేసింది.

మొండితనం అనుకున్నాను మొదట్లో. అన్నం పెడితే పళ్లెం పక్కకి తోసేది. పప్పు పోస్తే మొహం తిప్పుకునేది. "సమక్" అనేది, చేప. పడవలు కదలనివ్వని రోజుల్లో చేప ఎక్కణ్ణించి తెచ్చేది? నాలుగో రోజుకి లేచి కూర్చోడానికి కూడా నా భుజం కావాల్సొచ్చింది. అప్పుడు భయం వేసింది. ఈవిడ మా చేతుల్లో పోతే ఎవరికి చెప్పాలి, ఎక్కడ పూడ్చాలి, ఆ ఇంట్లో వాళ్లకి రేపు ఏం సమాధానం చెప్పాలి?

ఆ సాయంత్రం ఆవిడ మంచం మీద పడుకునే ఒక సంగతి చెప్పింది. తను పెళ్లయి వచ్చిన కొత్తలో, పెద్ద పోటు రోజుల్లో, వేలెడంత చేపలు నీళ్లతోపాటు ఒడ్డు మీదికి కొట్టుకొచ్చేవట. కడుపు నిండా గుడ్లతో వచ్చి, తడి ఇసుకలో తోక దింపి గుడ్లు పెట్టేవట. ఆడవాళ్లు మీద కప్పుకున్న అబాయా కొంగులు పరిచి ఎత్తుకొచ్చేవాళ్లట. మా పేటలోనూ చిన్నప్పుడు రెండుమూడుసార్లు అచ్చం అలాగే చూశాను. పోటు నిండి నీళ్లు తీయడం మొదలైన క్షణాన ఇసుకంతా వెండి పొట్టు పోసినట్టు కదిలేది. తరవాతి అల వచ్చేలోపు గుడ్లు పెట్టేసి, ఆ అలతో వెళ్లిపోయేవి. మా అమ్మమ్మ వాటిని ఎత్తుకొచ్చేటప్పుడు కూడా గుడ్లు పెట్టిన చోట కాలు వేయనిచ్చేది కాదు.

వంటింట్లోకి వచ్చి ఈ సంగతి అన్నయ్యకి చెప్పాను. ఆయన చేప వాసనకే ముక్కు మూసుకునే మనిషి. అయినా శ్రద్ధగా విన్నాడు. అప్పటికే సైనికులు ఒడ్డు పొడుగునా కందకాలు తవ్వి ముళ్లతీగ కడుతున్నారు.

"ఆ చివరి ఇంటి ప్రహరీ పక్కన ఇంగా ముళ్లతీగ కట్టల్యా. నేను పోయి తెస్తా. యా టైముకొస్తాయి పాపా అవి?" అన్నాడు.

కిటికీలోంచి చంద్రుడు నిండుగా కనబడుతున్నాడు. నేను వేళ్ల మీద లెక్క వేశాను.

"రేపు పాడ్యమండి. తొమ్మిదిన్నరకల్లా నిండిపోద్ది. నీళ్లు తీసేటప్పుడే వత్తాయవి. మీరు కాస్త ముందే ఎల్లి కూచోండి."

"మీ ఊర్లో అట్లనా, ఈడ గూడా అట్లేనా?"

ఎంత సరైన ప్రశ్న అడిగాడో చూడండి. ఎండిపోయిన చెరువులు తప్ప నీళ్లెరగని మనిషి అడిగిన ప్రశ్న. నాకు తెలీదండీ అని ఒక్కమాట అంటే సరిపోయేది. పక్కింటి కాపలాదారు ఈజిప్టు ముసలాయన సైనికులు రాకముందు రోజూ గాలం వేసేవాడు, ఆయన్ని అడుగుదాం అన్నా సరిపోయేది. నాకు రోషం వచ్చింది. సముద్రం సంగతి ఈయన నాకు చెప్పేవాడా అనిపించింది.

"ఎక్కడైనా చంద్రుడొకడే కదండీ. మాకు తెలవకపోతే ఇంకెవరికి తెలుద్ది?" అన్నాను.

మర్నాడు ఎనిమిది దాటాక ఆయన ప్లాస్టిక్ బుట్టా, పాత తువ్వాలూ పట్టుకుని వెళ్లాడు. నేను నూనె బయటికి తీసి పెట్టుకున్నాను. ముసలమ్మకి చెప్పాను, చేపలు వస్తున్నాయని. ఆవిడ లేచి కూర్చుని తల దువ్వించుకుంది.

పదీ నలభైకి కాపలాదారు తలుపు కొట్టాడు. మీ డ్రైవర్ని పట్టుకున్నారు, అన్నాడు. ఒడ్డున ఒక్కడే చాలాసేపు కూర్చుని ఉన్నాడట. ఇద్దరు సైనికులు వచ్చి ఏదో అడిగారట. చెప్పింది నచ్చక తుపాకీ మడమతో తల మీద కొట్టి, జీపులో వేసుకుపోయారట.

ముసలమ్మకి చెప్పకూడదనుకున్నాను గానీ ఆవిడ అప్పటికే అంతా వింది. నాలుగు రోజులుగా మంచం దిగని మనిషి అబాయా తెమ్మంది. యల్లా, పద, అంది. ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో నా చెయ్యి పట్టుకుని ఆ ఎండలో తీరం రోడ్డు మీది చెక్‌పోస్టు దాకా నడిచింది. దారిలో మూడుచోట్ల గోడ నీడన కూలబడింది, మూడుసార్లూ తనే లేచింది.

అక్కడి అధికారి చెడ్డవాడిలా కనబడలేదు. ముసలమ్మకి కుర్చీ వేయించాడు, నీళ్లు ఇప్పించాడు. తరవాత మెల్లగా చెప్పాడు.

"అమ్మా, నేను మా ఇరాక్ తీరాన ఫావ్‌లో పుట్టాను. మా ఇంటి గడప దాకా పోటు వస్తుంది. మీ మనిషి చేపల కోసం వచ్చానన్నాడు. ఆ వేళకి నీళ్లు ఎక్కడున్నాయో తెలుసా? కనుచూపు మేర బురదే. వట్టి ఇసుకకి ఎదురుగా బుట్ట పెట్టుకుని రెండు గంటలు కూర్చున్నాడు. ఏ చేప వస్తుందని? మా కందకాలు లెక్క పెట్టడానికి కాకపోతే దేనికి?"

అన్నయ్య నిజమే చెప్పాడు. నేను చెప్పిన వేళ వల్ల ఆ నిజం అబద్ధంలా కనబడింది. మా లెక్క మా ఒడ్డుకే, ఈ ఒడ్డుకి వేరే లెక్క ఉందని అప్పుడు తెలిసింది నాకు.

"ఆ వేళకి చేపలొస్తాయని అతనికి ఎవరు చెప్పారు?" అని అడిగాడు అధికారి. నా వైపే చూస్తున్నాడు.

నాకు అరబ్బీ వచ్చు. వంటింటి అరబ్బీయే గానీ, నేను చెప్పాను, నాది తప్పు, అనడానికి చాలినంత వచ్చు. నోరు తెరవలేదు. నన్నూ ఆ జీపులో వేస్తే ఏం చేస్తారో అన్న భయం ఒక్కటే ఉంది మనసులో. ఆ మనిషి ఏమవుతాడన్నది ఆ క్షణాన గుర్తు రాలేదు. ఇది రాసేటప్పుడు కూడా, నోరు పెగల్లేదు అని రాసి కొట్టేశాను. పెగల్లేదు అంటే ప్రయత్నించినట్టు. నేను ప్రయత్నించలేదు.

"నేనే చెప్పాను," అంది ముసలమ్మ. "ముసలిదాన్ని, వేళలు మర్చిపోయాను. కొట్టదల్చుకుంటే నన్ను కొట్టు."

అధికారి తల వంచుకున్నాడు. విచారిస్తాం, ఇంటికి వెళ్లండి హజ్జియా, అన్నాడు మర్యాదగా. అంతే.

తిరిగి వస్తుంటే మధ్యాహ్నం రెండు దాటింది. ముళ్లతీగల అవతల సముద్రం ప్రహరీ గోడల్ని తాకుతూ నిండుగా ఉంది. నీళ్లు తీసిన చోట ఇసుక మీద సన్నగా ఏవో మిలమిల కదిలాయి. అవి చేపలో, ఎండ మెరుపో. నిలబడి చూసే మొహం నాకు లేదు. ముసలమ్మ ఆగింది, చూసింది. నా చెయ్యి మాత్రం వదల్లేదు. విడిపించుకుని ఎటైనా పారిపోవాలనిపించింది.

ఆ పూట నేను వట్టి అన్నం, పప్పు పెట్టాను. ఆవిడ మారుమాట్లాడకుండా తింది. ఆ తరవాత ఏం పెడితే అది తింది. చేప అన్న మాట మళ్లీ ఆవిడ నోట వినలేదు. ఆవిడ తింటున్న ప్రతిసారీ నాకు తిట్టు తిన్నట్టే ఉండేది.

పదకొండు రోజులు. రోజూ చెక్‌పోస్టు దాకా వెళ్లేదాన్ని, సగం దూరంలో ఆగిపోయి వచ్చేదాన్ని. చివరికి ఒక మధ్యాహ్నం ఆయనే నడుచుకుంటూ వచ్చాడు. వాళ్లకి నీళ్ల లారీ నడిపే మనిషి కావాల్సి వచ్చిందట. నాలుగు రోజులు నడిపించుకుని పొమ్మన్నారట. గడ్డం పెరిగి, చిక్కి సగమయ్యాడు. ఎడమ చెవి పూర్తిగా వినబడకుండా పోయింది. ఏం జరిగిందన్నయ్యా అంటే, "ఖలాస్ పాపా, అయిపోయిండేదాన్ని మల్ల ఏమిటికి తవ్వేది," అన్నాడు. ముసలమ్మతో మాత్రం తను ఆలస్యంగా వెళ్లాననీ, అందుకే చేపలు దొరకలేదనీ చెప్పాడు. నేను అక్కడే నిలబడి విన్నాను. అప్పుడూ ఏమీ అనలేదు.

ఆ వారంలోనే జహ్రా నుంచి చెల్లెలి కొడుకు వచ్చాడు. ముసలమ్మ బీరువా తెరిపించి మా ఇద్దరి పాస్‌పోర్టులూ చేతిలో పెట్టింది. ఆవిడ నా నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. నేను ఏడ్చాను. విడిపోతున్నందుకనే అందరూ అనుకున్నారు.

బస్సులో బస్రా, బాగ్దాద్, అక్కణ్ణించి జోర్డాన్ సరిహద్దు. ఆ ఎడారిలో డేరాలు, వేలమంది జనం. విమానంలో వంతు వచ్చేదాకా అక్కడే పడి ఉండాలి. మూడోరోజు నీళ్ల వరసలో ఆయన వెనక నిలబడ్డాను. ఇక్కడ చెప్పకపోతే ఇంటికెళ్లి జన్మలో చెప్పలేనని తెలుసు.

"అన్నయ్యా, ఆ వేళ నేనే తప్పు చెప్పానండి," అన్నాను.

ఆయన వినలేదు. నేను నిలబడింది ఆ చెవి వైపు.

ఇటు తిరిగి, "ఏమంటివి? ఈ పక్క నుంచి చెప్పు," అన్నాడు.

ఆ పక్కకి వెళ్లి గట్టిగా చెప్పాను. వేళ తప్పు చెప్పానన్నాను. తెలియకుండానే తెలుసన్నాను అన్నాను. ఆ అధికారి అడిగినప్పుడు నోరు మూసుకు నిలబడ్డాను అన్నాను. వరసలో ముందున్నవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. తిడతాడనుకున్నాను, చెయ్యి చేసుకున్నా పడదామనే నిలబడ్డాను.

ఆయన ఖాళీ బకెట్ కింద పెట్టాడు.

"ఆడికి పోతానే సూస్తి పాపా, నీళ్లు యాడనో ఉండె," అన్నాడు. "ఎనక్కి వచ్చేద్దామని లేస్తి గూడా. మల్ల, నువ్వు చెప్పినాక రాకుండా యాడికి పోతాయిలే అని కూచుంటి."