మూత బిగించిన ఎమ్మెస్సీ

తెల్లబట్టల్లో ఉన్నవాళ్లు కాస్త దూరంగా కూర్చుని చదవండి. ఇందులో ఒక తరగతి గది, ఒక పెద్దమనిషి చొక్కా, నా బంగారు భవిష్యత్తు, మూడూ ఒక్క చప్పుడుతో పసుపుపచ్చగా మారబోతున్నాయి.

అప్పుడు నాకు ఇరవైమూడేళ్లు. ఎమ్మెస్సీ ఫిజిక్స్ కొత్తగా తలకెక్కింది, ఇంకా దిగలేదు. చిత్తూరులో ఒక జూనియర్ కాలేజీ వాళ్లు లెక్చరర్ ఉద్యోగానికి డెమో క్లాసు చెప్పమన్నారు. అది వస్తేనే మా ఊరి మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో కుళ్లిన కాయలు ఏరే పని తప్పుతుంది. కాలేజీ యజమానికి మామిడంటే ప్రాణమని విని, ముందురోజు తీసిన తోతాపురి గుజ్జు ఒక పాలక్యాను నిండా పోశాను.

మా అమ్మ చూసింది. "మూత వదులుగా పెట్టు నాయనా. ఎండకు పులిసి పొంగుతాది."

"బస్సులో ఒలికిపోదా? ఫిజిక్స్ చదివినోడికే చెప్తావామా?"

"నేనేం చదివినా? పులిసినవి సూసినా, అంతే."

సైకిలు ట్యూబు ముక్కతో మూతను ఏనుగు లాగినా ఊడనంతగా బిగించాను. బంగారుపాళ్యంలో ఎక్కిన బస్సులో చోటు లేక, క్యానును ఇంజను బానెట్ మీద పెట్టాను. అది దోసెపెనానికి పెద్దన్న. దారి పొడుగునా గుజ్జు అలిగిన కొత్తల్లుడిలా లోలోపలే ఉడుకుతోందని నాకేం తెలుసు?

క్లాసులో క్యాను బల్లమీద పెట్టి, సైకిలు పంపు పట్టుకుని విజృంభించాను. ముందు బెంచీలో యజమాని, తళతళలాడే తెల్లచొక్కాలో.

"పంపు మూతి మూసి నొక్కితే గాలి మీద మనం పని చేస్తాం. అందుకే వేడెక్కుతుంది. పిడి వదిలితే గాలి వ్యాకోచించి, దాన్ని వెనక్కి నెట్టి, తానే పని చేస్తుంది. మరి డబ్బాలో పెట్టి బిగిస్తే? ఘనపరిమాణం మారదు. పీడనం ఎంతున్నా చేసే పని సున్న!"

"బిగిచ్చింది ఊడిపోతే సార్?" అంది వెనక బెంచీ అమ్మాయి.

"గట్టిగా బిగిస్తే ఎందుకు ఊడుతుందమ్మా?" అని ధీమాగా క్యాను మూతమీద ఒక్కటి తట్టాను.

ఢాం!

మూత నల్లబల్లకు తగిలింది. గుజ్జు పైకి లేచి, తిరుగుతున్న ఫ్యానును చేరింది. ఆ ఫ్యాను దాన్ని పక్షపాతం లేకుండా నాలుగు గోడలకూ, ముందు బెంచీలోని తెల్లచొక్కాకూ పంచిపెట్టింది.

యజమాని నింపాదిగా మీసం మీది గుజ్జు వేలితో తీసి నాకి చూశాడు. "తోతాపురి. పులిసిండాది. మూత ఎవురప్పా బిగిచ్చింది?"

"నేనే సార్. మా అమ్మ వదులుగా పెట్టమనింది... ఎండకు పొంగుతాదని."

"ఆమె ఏం సదివిండాది?"

"అయిదో తరగతి సార్."

"సరే. నువ్వు ఇంటికి పోయి ఆమెను పంపీ. సోమారం నుంచి క్లాసులు."

సాయంత్రం గడపలోనే అమ్మ అడిగింది. "ఉద్యోగం వచ్చినట్టేనా నాయనా?"

"వచ్చిందిమా... నీకు."

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. మూత బిగించనేల, మీసాలు తుడవనేల అంటాను నేను. ఆ మిగిలిన గుజ్జు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: అమ్మను అడగకుండా ఈ జన్మలో దోసెపిండి గిన్నె మీద పళ్లెం కూడా బోర్లించను.